డిసెంబరులో పూసిన అజిసాయి

అక్టోబరు 2, బుధవారం. మబ్బు.

చిహొ హైకూ సభలో చేరుతుందట. ఆ మాట నొబుయుకి చెప్పాడు. ఆవిడగారు తలొంచుకుని మిసొ సూపు తాగుతోంది. మొగుడి చేత చెప్పించుకునేంత నోరులేనిది కాదు. పెళ్ళయిన కొత్తలో గలగలా వాగేది. ఈ రెండేళ్ళలోనే మాటలు తగ్గించేసింది. అదొక టెక్కు.

"నెలకోసారి నీతో తీసుకెళ్ళమ్మా. ఒక్కతీ బయట తిరిగే కంటే నీ కళ్ళముందుంటే నాకూ నిశ్చింత," అన్నాడు నొబుయుకి.

"అది హైకూ సభ. పిల్లల్ని దించిపోయే బడి కాదు," అన్నాను.

"నేర్చుకుంటాను అత్తయ్యా," అంది చిహొ, సూపు గిన్నెతో మాట్లాడుతున్నట్టు.

ఇరవై రెండేళ్ళుగా ఆ సభకి కార్యదర్శిని నేను. తప్పు ఋతువులో తప్పు పువ్వు రాసినవాళ్ళని ఒక్కళ్ళనీ వదల్లేదు. కోడలని వదులుతానా.

అక్టోబరు 13, ఆదివారం. ఎండ. తుఫాను వెలిసిన గాలి.

చిహొకి పద్ధతి చెప్పేసరికి గొంతు ఆరిపోయింది. ఐదు హైకూలు, ఐదు చీటీలు, పేరు రాయకూడదు. చీటీలన్నీ కలిపి పంచుతాం. ఎవరికి వచ్చినవి వాళ్ళు పెద్ద కాగితం మీద తమ చేత్తో తిరగరాస్తారు, చేతిరాత చూసి ఫలానావాళ్ళదని పోల్చకుండా. కాగితాలు చుట్టూ తిరుగుతాయి, నచ్చినవి ఏరుకుంటాం. ఏరినవి నేను పైకి చదువుతాను. చదవగానే రాసినవాళ్ళు తమ పేరు పలకాలి. ఇంతే. దీనికి కళ్ళు అంత పెద్దవి చేసుకుని వినాలా.

"పేరు పలక్కపోతే ఏమవుతుంది అత్తయ్యా?"

"పలక్కపోవడం అంటూ ఉండదు," అన్నాను.

మొదటి సభలోనే ఆవిడ హైకూని నలుగురు ఏరారు. నాది ఒక్కరు, అదీ కూరగాయల కొట్టు కువబారా. కువబారాకి నచ్చిందంటే అందులో ఏదో లోపం ఉన్నట్టే. ఆవిడ ముల్లంగి మీద తప్ప హైకూ రాయదు, సభలో కూర్చుని బియ్యపు బిస్కట్లు కరకరా నములుతుంది.

చిహొది ఇదీ:

*తుఫాను వెళ్ళాక*
*రాలిన ఆపిల్ని పెట్టా*
*మచ్చ లేని వైపు తిప్పి*

"మచ్చ ఏ వైపుందో ఈ మనిషికి బాగా తెలుసు," అన్నారు ఒరిహరా గురువుగారు. ఆయనకి ఎనభై నాలుగేళ్ళు, సగం చెవుడు, మెచ్చుకోవడం మాత్రం మానలేదు.

బస్సులో అడిగాను. "అది కొట్టువాళ్ళు చేసే మోసం. దాని మీద హైకూ ఏమిటి?"

"మోసమే అత్తయ్యా," అంది. ఇక ఇంటి దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

అక్టోబరు 16, బుధవారం. వాన.

సాయంత్రం పైన వాళ్ళ గదిలో బీరువా జరిపారు. కింద దీపం ఊగింది.

అక్టోబరు 20, ఆదివారం. ఎండ.

మళ్ళీ బీరువా. ఈ కాలం వాళ్ళకి సామాను ఒకచోట ఉంటే తోచదు. నా మోకాళ్ళ నొప్పికి మెట్లెక్కి రెండేళ్ళయింది, లేకపోతే వెళ్ళి అడిగేదాన్ని.

అక్టోబరు 30, బుధవారం. ఎండ, చలి.

పెర్సిమన్ పండ్లు వచ్చాయి, రెండు వందల నలభై. పొద్దుట్నించీ ఇద్దరం తొక్క తీసి, తాళ్ళకి కట్టి, ఎండడానికి వసారాలో వేలాడదీశాం. చిహొ చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకుని పని చేస్తోంది. రసం కారి చేతులన్నీ మరకలు.

"పైకి మడుచుకో. ఆ మరక చచ్చినా పోదు," అన్నాను.

"పరవాలేదు అత్తయ్యా. పాతదే."

"పాతదైతే మాత్రం. చూడ్డానికి రోతగా ఉంది."

"చలిగా ఉంది," అంది. నుదుటి మీద చెమట పోసి ఉంది.

ఇంకో పండు తీసుకుని తొక్క తీశాను. నాకు అవతల వంద పండ్లు ఉన్నాయి.

నవంబరు 10, ఆదివారం. ఎండ.

సభ. పెర్సిమన్ల మీద రాస్తుందని నాకు తెలుసు. రాసింది.

*నొక్కిన చోటల్లా*
*తీపి పైకి వస్తోంది*
*ఎండుతున్న పండు*

పండు సగం ఎండాక రోజూ వేళ్ళతో పిసుకుతాం, లోపలి చక్కెర తెల్లగా పైకి తేలాలని. ఈ లోయలో అది ఎరగని ఇల్లు లేదు. ఏడుగురు ఏరారు. ఎంత ఓపికైన చూపు, ఎంత ఇంటి వాసన అని ఒకటే పొగడ్త. కువబారా మాత్రం ఏరలేదు.

"నాకెందుకో ఇది చదివితే కడుపులో తిప్పింది," అంది బిస్కట్టు చేతిలో పట్టుకుని. "బాగుందిలెండి. బాగుంది కాబట్టే."

కువబారాకి కవిత్వం గురించి ఏం తెలుసు. అయినా ఇంటికొచ్చాక పండ్లు పిసకబుద్ధి కాలేదు. చిహొకి చెప్పి పడుకున్నాను.

నవంబరు 17, ఆదివారం. మబ్బు.

నా పాత నోటుపుస్తకాలు తీశాను. ప్రశాంతత అంటే హత్సుయే గారి హైకూలే అని నన్ను మెచ్చుకునేవాళ్ళు ఒకప్పుడు. జిల్లా బహుమతి వచ్చిన హైకూ ఇదీ:

*రాత్రంతా మంచు*
*ఒక్క మాటైనా అనకుండా*
*వెదురు విరిగింది*

అప్పుడు ఒరిహరా గురువుగారికి చెవులు బాగానే వినిపించేవి. "మంచు బరువుకి వెదురు విరిగితే తుపాకీ పేలినట్టుంటుంది కదా. మీ వెదురు ఎందుకు నోరెత్తలేదు?" అని అడిగారు. "మా వెదురంతే గురువుగారూ," అన్నాను. సభంతా నవ్వింది. బహుమతిగా ఇచ్చిన ఫలకం ఇప్పటికీ సభ జరిగే హాల్లో గోడ మీద ఉంది.

మా పెరట్లో వెదురు లేదు. ఎప్పుడూ లేదు.

ఆ చలికాలం నా ఎడమ చెయ్యి కట్టులో ఉంది. మంచు మీద జారిపడ్డాను. మా ఆయన మంచివాడు, పోయి తొమ్మిదేళ్ళయినా ఊళ్ళో అందరూ తలుచుకుంటారు. చేతికే కాస్త తొందర. అప్పుడు నొబుయుకికి ఆరేళ్ళు. మెట్ల మీద కూర్చుని, "ఏం చప్పుడమ్మా అది?" అని అడిగాడు. ఏదో చెప్పాను.

నవంబరు 23, శనివారం. ఎండ.

ఎదురింటావిడ చేతులు పట్టుకుని మరీ చెప్పింది, తన మనవడు నొబుయుకి మాస్టారి వల్లే సైన్సు పాసయ్యాడట. ఆదివారాలు కూడా పిల్లలకి ఆటలు నేర్పిస్తాడు, గొంతు పెంచి మాట్లాడడు, ఇలాంటి మాస్టారు దొరకరు అంది. వాడు నా ఒక్కగానొక్క కొడుకు. నేనంటే ప్రాణం.

సాయంత్రం బీరువా.

డిసెంబరు 8, ఆదివారం. తొలి మంచు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

చీటీలు పంచారు. నాకు వచ్చినవాటిలో మూడోది చిహొ చేతిరాత. ఇంట్లో సరుకుల జాబితాలు రాసే చెయ్యి, నేను పోల్చలేనా.

*తొలి మంచు*
*చొక్కా చెయ్యి కింద*
*రంగు మారే అజిసాయి*

నా మొదటి ఆలోచన రాస్తున్నాను, సిగ్గుపడను: దొరికింది అనుకున్నాను. అజిసాయి జూన్ వానల పువ్వు. నీలంగా పూసి, ఊదాకి తిరిగి, ఆఖరికి పాలిపోయిన పసుపులో పడి వాడిపోతుంది. ఋతుపదాల నిఘంటువులో అది వేసవి. దాన్ని తొలి మంచు పక్కన పెట్టడం పసిపిల్లలు కూడా చెయ్యని తప్పు. సభలో నిలబెట్టి కడిగేద్దామనుకున్నాను.

తర్వాత రెండో వరస మళ్ళీ చదివాను. కలం చేతిలోనే ఉండిపోయింది.

ఆ చీటీ జేబులో వేసుకుంటే ఎవరికి తెలుస్తుంది. ఇరవై రెండేళ్ళలో ఒక్క చీటీ పోలేదు, ఒకటి పోతే ఏమవుతుంది. పక్కన కువబారా నముల్తూ నా కాగితం వైపు చూసింది. తిరగరాశాను. ఒక్క అక్షరం మార్చలేదు.

ఏరుకునేటప్పుడు ఇద్దరు ముగ్గురు ముసిముసిగా నవ్వారు. డిసెంబరులో అజిసాయి, ఎవరో కొత్తవాళ్ళు. ఒరిహరా గురువుగారు మాత్రం దాన్నే నెల మొత్తానికి మొదటిదిగా ఏరారు. అప్పుడే తలుపు తెరుచుకుంది. నొబుయుకి. మంచు పడుతోందని కారు తెచ్చాడు. గొడుగు దులిపి, అందరికీ నడుం వంచి నమస్కారం పెట్టి, గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎంత మర్యాదస్థుడో అని ఎవరో గొణిగారు.

నేను చదివాను. రెండుసార్లు చదవాలి, పద్ధతి. రెండుసార్లూ చదివాను.

"పువ్వు జూన్‌ది, మంచు డిసెంబరుది," అన్నారు గురువుగారు. "ఇది తెలియక చేసిన తప్పు కాదు. ఈ మనిషి దగ్గర ఆ పువ్వు నిజంగానే ఉంది, ఇప్పుడు ఉంది. ఎవరిది?"

ఎవరూ పలకలేదు.

చిహొ చేతులు ఒళ్ళో పెట్టుకుని చాప వైపు చూస్తోంది. పెదవులు విడిపడ్డాయి. నొబుయుకి ఆవిడ మెడ వెనక వైపు చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. వాడి నాన్నది.

"ఎవరిదండీ?" అన్నారు గురువుగారు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"హత్సుయే," అన్నాను.

"ఎవరు?"

"హత్సుయే. నాదే."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నొబుయుకి నవ్వాడు. "మా అమ్మకి ఈ మధ్య ఋతువులు కలిసిపోతున్నాయండీ. నిన్న జూన్‌లో పెట్టే పచ్చడికి కాయలు తెచ్చావా అని నన్నడిగింది," అన్నాడు. అందరూ నవ్వారు. ఇరవై రెండేళ్ళు నేను తప్పులు పట్టినవాళ్ళందరూ హాయిగా నవ్వారు. కువబారా నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

డిసెంబరు 9, సోమవారం. మంచు.

నేను చేసింది మంచి పనే. కొడుకు పరువు కాపాడాను. ఏ తల్లయినా చేస్తుంది.

కారులో వాడు ఒక్క మాటే అన్నాడు: "వచ్చే నెల నుంచి చిహొ రానక్కర్లేదు."

బీరువా.

డిసెంబరు 11, బుధవారం. మంచు.

బీరువా.

డిసెంబరు 15, ఆదివారం. ఎండ.

వాడు ఆటలకి వెళ్ళాడు. నేను పెర్సిమన్లు దింపుతుంటే చిహొ వచ్చి పక్కన నిలబడింది. ఎడమ చెవి మీదికి జుట్టు లాక్కుని ఉంది.

"నా హైకూ ఎందుకు తీసుకున్నారు అత్తయ్యా?"

"నీదని ఎవరన్నారు?"

"నాదే కదా."

"నీకంటే ముందు నాది," అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు.

నా మొహంలోకి చూసింది. "మరి మీ కోసం ఎవరూ ఏమీ చెయ్యలేదా?" అని అడిగింది.

ఎవరు చేస్తారు. మా అత్తగారు కింద గదిలోనే ఉండేది. ఆవిడకీ మోకాళ్ళ నొప్పులే. ఇదంతా చెప్పలేదు. "వెళ్ళి గిన్నెలు కడుగు," అన్నాను. వెళ్ళి కడిగింది. నా మీద నాకే అసహ్యం వేసింది, ఆ కోపం పండ్ల మీద చూపించాను. నాలుగు నేలపాలయ్యాయి.

డిసెంబరు 28, శనివారం. మంచు.

బీరువా కాదు.

జనవరి 5, ఆదివారం. ఎండ.

కొత్త సంవత్సరం పండగ మూడు రోజులూ వాడు ఇంట్లోనే ఉన్నాడు. చుట్టాలకి చిహొకి జలుబని చెప్పాం. నేనే చెప్పాను.

ఇవాళ వాడు వెళ్ళగానే మెట్లెక్కాను. పదమూడు మెట్లు. మోకాళ్ళు నొప్పి పెట్టలేదు.

పైగదిలో బీరువా లేదు. నాకు తెలుసు. ఆ గది కట్టించింది నేను. గోడలోనే అర పెట్టమని వడ్రంగితో దెబ్బలాడి మరీ పెట్టించాను, జరిపే సామాను ఏదీ ఉండకూడదని. గదిలో ఉన్నవి ఒక చాప, రెండు పరుపులు, ఒక బల్ల. చిహొ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చొక్కా లేదు, మందు రాసుకుంటోంది. నన్ను చూసి కప్పుకోలేదు.

భుజం నుంచి మోచేతి దాకా నీలం, ఊదా. పక్కటెముకల మీద పసుపు. ఏది ఎన్ని రోజులదో ఎవరూ చెప్పక్కర్లేదు, నాకు లెక్క తెలుసు.

"కాళ్ళు నొప్పి పెట్టలేదా అత్తయ్యా?" అంది. వెటకారమే. నాకు తగిన వెటకారం.

మందు సీసా తీసుకుని వీపుకి నేను రాశాను.

ఆరేళ్ళప్పుడు మెట్ల మీద వాడికి నేను చెప్పిన మాట ఇవాళ రాస్తాను. "బీరువా జరిపాం నాన్నా, పడుకో," అన్నాను. వాడు నమ్మలేదు. నమ్మకుండానే తలూపాడు. నేర్పింది నేనే.

జనవరి 12, ఆదివారం. మంచు, మధ్యాహ్నానికి ఎండ.

ఏడాదిలో మొదటి సభ. ఒక్కదాన్నే బస్సులో వెళ్ళాను. చీటీలు పంచకముందే లేచి నిలబడ్డాను.

"కిందటి నెల మొదటి హైకూ నాది కాదు. నా కోడలు చిహొది. పేరు తప్పు చెప్పాను, సభ పుస్తకంలో దిద్దాను."

ఎవరో "అయ్యో, పరవాలేదండీ" అన్నారు. ఈ ఊళ్ళో దేనికైనా పరవాలేదే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ అజిసాయి చిహొ వంటి మీద ఉంది. పూయించింది నా కొడుకు. ఆపిల్ కూడా ఆవిడే, పెర్సిమన్ కూడా ఆవిడే. మీరు ఏడుగురు కూర్చుని ఇంటి వాసన అన్నారు. నేను చదివాను." గోడ మీది ఫలకం చూపించాను. "అదీ అంతే. మా పెరట్లో వెదురు లేదు. మీలో సగం మంది మా పెరడు చూసినవాళ్ళే. ఒక్కళ్ళూ అడగలేదు."

గురువుగారు ఎంతవరకు విన్నారో తెలియదు, కళ్ళజోడు తీసి చాప మీద పెట్టుకున్నారు.

కువబారా బిస్కట్ల డబ్బా మూత పెట్టింది. "మీ అబ్బాయి ఎన్నింటికి వస్తాడు?" అంది.

"నాలుగింటికి."

"ట్రక్కు బయటే ఉంది. లేవండి."

ముల్లంగి వాసన కొట్టే ఆ బుల్లి ట్రక్కులో ముందు ఇద్దరికే చోటు. మా ఇంటికి పోయేటప్పుడు నేను కూర్చున్నాను. దారిలో ఆవిడ ఒక్కసారే మాట్లాడింది. "నవంబరులోనే నాకు అనుమానం వచ్చింది హత్సుయే గారూ. కడుపులో తిప్పిందని చెప్పి ఊరుకున్నాను. నాదీ తప్పే."

చిహొ సంచీ సర్దుకోవడానికి పావుగంట కూడా పట్టలేదు. ఎప్పుడో సర్ది ఉంచుకుంది. గుమ్మంలో ఆగింది.

"మీరు?"

"ఇద్దరికే చోటు."

"వెనక ఎక్కొచ్చు కదా అత్తయ్యా."

"డెబ్బై ఏడేళ్ళకి ముల్లంగుల్లో ఎక్కమంటావా. పో."

ఎక్కడికి తీసుకెళుతున్నారో నాకు చెప్పొద్దని కువబారాతో అన్నాను. తెలిసిందంటే, వాడు ఏడవగానే చెప్పేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

నాలుగయింది. టీ పెట్టుకున్నాను. కారు చప్పుడు.

జనవరి 14, మంగళవారం. మంచు.

కుడి చెయ్యి కట్టులో ఉంది, ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు పురుగుల్లా ఉన్నాయి. ఉండనీ.

వాడు ముందు పైకి వెళ్ళి చూశాడు. దిగి వచ్చి, "చిహొ ఏదమ్మా?" అన్నాడు, మెల్లగా, చిన్నప్పటిలాగే. ఒక్క క్షణం వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలనిపించింది.

"పైన బీరువా లేదు నొబుయుకి. ఎప్పుడూ లేదు. నీకు అబద్ధం చెప్పాను," అన్నాను.

అర్థమైంది వాడికి. అర్థమయ్యాకే చెయ్యి లేచింది.

తర్వాత వాడు వంటింట్లో చతికిలబడి ఏడ్చాడు. వాళ్ళ నాన్నా ఏడ్చేవాడు. నేను టాక్సీ పిలుచుకుని ఆసుపత్రికి వెళ్ళాను. వెనక నుంచి "అమ్మా, జారిపడ్డానని చెప్పు" అన్నాడు. వాడి మీద ప్రేమ పోలేదు. అదే అన్నిటికంటే కష్టంగా ఉంది.

అత్యవసర విభాగంలో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. జనవరిలో ఈ లోయలో అందరూ జారిపడతారు. నర్సు పిల్లకి పాతికేళ్ళుంటాయి, కాగితం తీసి నన్ను చూడకుండానే రాయడం మొదలుపెట్టింది.

"మంచు మీద జారారా బామ్మగారూ?"

"లేదు. జారిపడలేదు."

కలం ఆగింది. తలెత్తింది. "మరి? ఎవరైనా..."

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది, బెంచీల మీదివాళ్ళు వినకుండా. నేను తగ్గించలేదు. సభలో చదివే గొంతుతో, వాడి ఇంటిపేరుతో సహా, రెండుసార్లు చెప్పాను.